తంతిలేని వార్త ఎందుకు తడబడును?

1938వ సంవత్సరము జూన్ 16వ తేదీన మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రము ప్రారంభమైనది. అప్పటికి గోదావరి డెల్టాలో రేడియో పెట్టె ఉన్న ఇండ్లు బహు కొద్ది. ఆ పెట్టెముందు కూర్చుండి మద్రాసు తెలుగు కార్యక్రమములను వినగోరిన రాజమహేంద్రవర వాసికిని, ప్రసార స్తంభమునకును నడుమ దూరము తిన్నగా కొలిచినచో సుమారు 460 కిలోమీటర్లు. పగటివేళ మధ్యమ తరంగములు నేలను అంటిపెట్టుకొని ప్రయాణము చేయుచు, అంత దూరము వచ్చుసరికి మిక్కిలి సన్నగిల్లును. ప్రొద్దు క్రుంకిన పిమ్మట అవే తరంగములు పైకి ఎగసి, అయనావరణమున పరావర్తనము చెంది తిరిగి నేలకు దిగును. వేరువేరు దారుల వచ్చిన తరంగములు కలిసినచోట ఒక క్షణము పాట బిగ్గరగా వినబడును, మరుక్షణము మాయమగును. వైశాఖ జ్యేష్ఠములలో దూరపు పిడుగులు చేయు గరగర దీనికి తోడు.

1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసినది. దూరము 135 కిలోమీటర్లకు తగ్గినది. పెట్టె మారలేదు, నడుమనున్న దారి మారినది. మద్రాసు పాట తడబడుచున్నదని ఎవరైన ఆ పెట్టెను మరమ్మతునకు ఇచ్చియుండినచో ఆ డబ్బు వృథాయే అయియుండును.

ఈ పాతకథ గత సంవత్సరము మాకు మరల జ్ఞప్తికి వచ్చినది. డెల్టాలోని ఒక పట్టణమున గల మా కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలకు, ఆషాఢములో, ఒక వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్టు వచ్చినది. ఇది గంతలవలె కండ్లకు కట్టుకొను యంత్రము. లోపల కంటికొకటి చొప్పున రెండు చిత్రములు కనబడును. తల త్రిప్పినచో చిత్రము కూడ తదనుగుణముగా తిరుగును గనుక, చూచువాడు పరమాణువు నడుమనో చంద్రునిపైననో నిలిచినట్లు భావించును. 1968లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఐవాన్ సదర్లాండు నిర్మించిన తొలి యంత్రము పైకప్పునుండి వ్రేలాడు లోహపు చేతికి తగిలింపబడి యుండెను. అటుపిమ్మట ఇంచుమించు ఏబది సంవత్సరములు ఇటువంటి యంత్రములకు తంతి తోకవలె వెన్నంటియే యున్నది. 2018లో ఒక హెడ్‌సెట్టునకు 60 గిగాహెర్ట్జుల తరంగములతో ఆ తోకను తొలగించిరి. 19వ శతాబ్ది చివర కలకత్తాలో జగదీశ చంద్ర బోసు ప్రయోగములు చేసిన మిల్లీమీటరు తరంగముల జాతియే ఇది. 2021 నుండి సాధారణమైన వైఫై తరంగములతోనే, బల్లమీది కంప్యూటరునుండి తలమీది యంత్రమునకు చిత్రమును పంపు పద్ధతి విరివిగా వాడుకలోనికి వచ్చినది. మాకు వచ్చినది ఈ రకము.

మొదటి వారము అందరును మురిసిరి. రెండవ వారము చిత్రము ఆగి ఆగి నడువసాగినది. ఒక్కొక్కమారు సంబంధము పూర్తిగా తెగిపోవును. ఒక విద్యార్థిని తల తిరిగి గోడకు చేరగిల కూర్చున్నది. యంత్రము చెడినదని ఒకరు, మన ఇంటర్నెట్టు చాలదని మరియొకరు అనిరి. పెట్టెలో కట్టి బీరువాలో పెట్టుదమని ఒక పెద్దమనిషి సలహా యిచ్చిరి. మన విద్యాలయములలో బీరువా పాలైన పరికరముల జాబితా చిన్నది కాదు. వానిలో సగము నిజముగా చెడినవి కావని నా అనుమానము.

ముందుగా ఇంటర్నెట్టు మాట. 2016 డిసెంబరులో కోనసీమలోని సఖినేటిపల్లి మండలమునకు చెందిన మోరి గ్రామమునకు విద్యుత్ స్తంభములమీదుగా గాజుతంతిని నడిపి ఇంటింటికి సంబంధము కల్పించిరి. ఇటువంటి గాజుతంతిలో వెలుతురు రూపమున వార్త నిరాటంకముగా ప్రవహించును. కాని అది గోడవద్ద నున్న పెట్టెతో ఆగిపోవును. అక్కడినుండి మన చేతిలోని పరికరమునకు మిగిలిన పది అడుగులు గాలియే. నరసాపురమునుండి సఖినేటిపల్లికి పంటుమీద వసిష్ఠ గోదావరిని దాటినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. ఇరువైపుల రోడ్డు ఎంత చక్కగా నున్నను, ప్రయాణకాలమును నిర్ణయించునది పంటే. మా హెడ్‌సెట్టు విషయములో మరియొక విశేషము కలదు. చిత్రము బయటినుండి వచ్చుటయే లేదు. అదే గదిలోని కంప్యూటరులో తయారై, రౌటరు ద్వారా తలమీదికి చేరుచున్నది. కావున ఇంటర్నెట్టు వేగమును కొలిచి లాభములేదు.

సినిమా చూచునపుడు రాని తొందర హెడ్‌సెట్టుతోనే ఎందుకు వచ్చును? సినిమాను పరికరము కొంత ముందుగానే నిల్వచేసికొనును, ఒక తునక పోయినచో మరల తెప్పించుకొనును. హెడ్‌సెట్టులో నిల్వకు అవకాశము లేదు. మీరు తల ఎటు త్రిప్పుదురో ముందుగా ఎవరికిని తెలియదు గదా! సెకండునకు 72 చిత్రములు చూపు యంత్రములో ఒక్కొక్క చిత్రమునకు గల వ్యవధి సుమారు 14 మిల్లీసెకండ్లు. ఆ గడువు దాటి వచ్చిన చిత్రము రానట్లే లెక్క.

ఇక లోపమును వెదకుట యెట్లు? ఈ విషయమున మాకు దారి చూపినవాడు కార్ల్ జాన్‌స్కీ. అట్లాంటిక్ సముద్రమునకు ఆవలిగట్టుతో రేడియో టెలిఫోనులో మాటాడువారికి గరగరలు అడ్డు తగులుచుండగా, వాని జన్మస్థానమును కనిపెట్టుమని అమెరికాలోని బెల్ ప్రయోగశాల ఈ యువకుని నియోగించినది. ఆతడు న్యూజెర్సీలోని ఒక పొలములో సుమారు 30 మీటర్ల పొడవుగల ఏరియలును కట్టి, దానిక్రింద పాత ఫోర్డు కారు చక్రములను అమర్చి, ఇరువది నిమిషముల కొకమారు చుట్టు తిరుగునట్లు చేసెను. 1931నుండి ఏ వేళకు ఏ దిక్కునుండి ఎంత శబ్దము వచ్చుచున్నదో ఓపికతో నమోదు చేసెను. 1932లో ఫలితము ప్రకటించెను. గరగరలు మూడు విధములు. దగ్గరి ఉరుములవి ఒకటి, దూరపు ఉరుములవి రెండవది. మూడవది ఎడతెగని సన్నని బుస.

ఆ బుస మొదట సూర్యునినుండి వచ్చునట్లు తోచినది. కాని అది దినదినము నాలుగు నిమిషములు ముందుగా రాసాగినది. నక్షత్రములు ప్రతిరాత్రి నాలుగు నిమిషములు ముందుగా ఉదయించునని పాఠశాల విద్యార్థులును ఎరుగుదురు. అనగా బుస నక్షత్రలోకమునకు చెందినది. ధనూరాశి దిక్కున, మన పాలపుంత కేంద్రమునుండి అది వచ్చుచున్నదని జాన్‌స్కీ 1933లో తెలిపెను. రేడియో ఖగోళశాస్త్రమునకు పుట్టుక ఇదియే. టెలిఫోను మరమ్మతునకు బయలుదేరిన మనిషి పాలపుంతను వినెను! ఆతడు ఎంతమాత్రము ఊహాగానము చేయలేదు. వేళ, దిక్కు, బలము అను మూడింటిని పుస్తకమున వ్రాసికొనుచు, కలగలిసిన శబ్దమును పాయలుగా విడదీసెను, అంతే.

మేమును ఒక రిజిస్టరు తెరచితిమి. వేళ యెంత, తొడుగుకొన్నవారు గదిలో ఎచ్చట నిలిచిరి, గదిలో ఎందరున్నారు, చిత్రము ఎన్నిమారులు ఆగినది అని గడులు గీసి విద్యార్థులకు అప్పగించితిని. మూడు వారములు వ్రాసిరి.

మొదట బయటపడినది మా తప్పే. చిత్రము ఏ వేళనైనను కొద్దిగా తడబడుచునే యున్నది. విచారింపగా కంప్యూటరు కూడ రౌటరుతో వైఫైతోనే మాటాడుచున్నట్లు తెలిసినది. అనగా ప్రతి చిత్రము గాలిని రెండుమారులు దాటుచున్నది, అదియు ఒకే ఛానెలులో. కంప్యూటరును రౌటరునకు ఇరువది అడుగుల తంతితో కలిపితిమి. తంతిలేని యంత్రము బాగుపడుటకు తంతి వేయవలసి వచ్చెనని విద్యార్థులు నవ్విరి.

రెండవ పాయ పదకొండు గంటల విరామసమయమునను, మధ్యాహ్న భోజనవేళను కనబడినది. దీని చరిత్ర కొంత పొడవైనది. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ మహాసభ 2,450 మెగాహెర్ట్జుల ప్రాంతమును వార్తలకు గాక, పరిశ్రమలకు, వైద్యమునకు, వేడిచేయు యంత్రములకు కేటాయించినది. మైక్రోవేవ్ పొయ్యి పనిచేయునది ఇక్కడనే. పొయ్యిల గోల ఉండుచోట వార్తలు పంపుటకు ఎవరును ఇష్టపడరు గనుక అది పోరంబోకువలె పడియుండినది. 1985లో అమెరికా ప్రభుత్వము అక్కడ కొన్ని షరతులతో లైసెన్సు లేకుండ వార్తలు పంపుటకు అనుమతించినది. 1997లో వైఫైకి తొలి ప్రమాణము ఏర్పడినది. మనదేశమున 2005లో ఈ పట్టీకి లైసెన్సు అవసరము తొలగిపోయినది. పోరంబోకులో గుడిసెలు వేసినట్లు ఇప్పుడు రౌటర్లు, ఫోనులు, బ్లూటూత్ పరికరములు అక్కడ క్రిక్కిరిసినవి. ఒకదానితో ఒకటి ఒరయకుండ నిలువగల ఛానెళ్ళు అందు మూడే.

ఒకే ఛానెలులో పలువురు మాటాడినచో ఏమగునో 1971లోనే హవాయి ద్వీపములలో తెలిసినది. నార్మన్ ఏబ్రమ్‌సన్ అక్కడి ద్వీపములను రేడియోతో ఒక కంప్యూటరునకు కలిపెను. ఎవరికి తోచినపుడు వారు పంపవచ్చును. రెండు వార్తలు ఢీకొన్నచో రెండును నశించును, కొంత ఆగి మరల పంపవలెను. ఈ పద్ధతిలో ఛానెలు సామర్థ్యమున సుమారు 18 శాతమునకు మించి ఉపయోగపడదని గణితము చెప్పినది. వైఫై పరికరము ముందుగా విని, ఎవరును మాటాడనపుడే తాను మాటాడును గనుక ఇంతకంటె మెరుగు. ఐనను వరుసలో నిలువక తప్పదు. విరామవేళ వరండాలో వందల ఫోనులు, కొన్నిటిలో హాట్‌స్పాట్లు. పదునాలుగు మిల్లీసెకండ్లలో చేరవలసిన చిత్రము ఆ వరుసలో చిక్కుకొనుచున్నది.

హెడ్‌సెట్టు 5 గిగాహెర్ట్జుల పట్టీలో గదా ఉండవలెను, ఈ రద్దీలోనికి ఎందుకు వచ్చినది? రౌటరు ప్రక్క ఆఫీసుగదిలో నున్నది. మాది గానుగసున్నముతో కట్టిన పాత భవనము. గోడ రెండు అడుగుల మందము. తరంగము పొట్టిదైనకొలది అట్టి గోడను దాటుట కష్టము. 5 గిగాహెర్ట్జుల తరంగము క్షీణింపగా యంత్రము తనంత తానుగా రద్దీ పట్టీకి మారుచున్నది. రౌటరును ప్రయోగశాలలోనికి తెచ్చి, తల ఎత్తున, ఎదురుగా కనబడునట్లు పెట్టగా ఈ బాధ చాలవరకు తగ్గినది.

గోడలనుండి తరంగములు పరావర్తనము చెంది వెనుకముందులుగా చేరుటయు ఒకప్పుడు పెద్ద చిక్కే. మద్రాసు పాటను మాయము చేసినదియు ఇట్టి కలయికయే. ఆస్ట్రేలియాలో జాన్ ఒసల్లివన్ బృందము ఆ చిక్కును విడదీయు ఉపాయమునకు 1996లో అమెరికా పేటెంటు పొందినది. ఆయన అంతకుముందు పేలిపోవు కృష్ణబిలములనుండి రేడియో స్పందనములకై వెదకి, ఏమియు దొరకక, ఆ గణితమును మాత్రము మిగుల్చుకొన్నవాడు. జాన్‌స్కీ శాస్త్రము మరల వార్తల ఋణము తీర్చినదనవచ్చును. మన నౌకాదళములో పనిచేసి స్టాన్‌ఫర్డు చేరిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ మరియొక అడుగు ముందుకు వేసెను. ఎక్కువ ఏరియళ్ళతో, వేరువేరు దారులలో వేరువేరు వార్తలను పంపవచ్చునని చూపెను. కైలాత్‌తో కలిసి ఆయన పొందిన పేటెంటు 1994 నాటిది. రౌటరు మీద నిలిచియున్న మూడు నాలుగు కొమ్ములు అలంకారము కొఱకు కావు.

మూడవ పాయను మేము తప్పుగా ఊహించితిమి. శ్రావణమాసపు తేమయే కారణమని నేనును నమ్మితిని, డెల్టాలో ప్రతిదానికి తేమనే నిందించుట అలవాటు. రిజిస్టరు అందుకు ఒప్పుకొనలేదు. జడివాన కురిసిన దినమున యంత్రము చక్కగా నడచినది, ఎండ కాసిన దినమున తెగినది. గదిలోని పది అడుగులలో నీటియావిరి ఈ తరంగములను లెక్కింపదగినంత పీల్చదు. కాని నీరు దోషియే, ఆవిరి రూపమున కాదు. ముప్పది మంది విద్యార్థులు వేడుక చూచుటకు చుట్టును గుమిగూడిన తరగతులలోనే తెగుట ఎక్కువ. మనిషి దేహమున సగముకంటె ఎక్కువ నీరు. యంత్రమునకును రౌటరునకును నడుమ నిలిచిన ముప్పది మంది ముప్పది నీటికుండలవలె తరంగములను పీల్చుచుండిరి. ఇక్కడ ఒక మాట. మైక్రోవేవ్ పొయ్యి నీటి అణువు సహజ పౌనఃపున్యముతో అనునాదము చెందుటచే వేడిచేయునని కొన్ని పుస్తకములలో కలదు. అది సరికాదు. నీరు అత్యధికముగా పీల్చుకొనుట ఇంకను చాల పైన, సుమారు 20 గిగాహెర్ట్జుల వద్ద. క్రింది పౌనఃపున్యములను కూడ తగినంత పీల్చును, అంతియే. ఉపాధ్యాయులు దీనిని సరిదిద్ది చెప్పవలెను.

ఇప్పుడు తరగతి అంతయు రౌటరునకు ఎదురుగోడవైపున వరుసగా నిలుచును, ఒక్కరు మాత్రము నడుమకు వత్తురు. హాట్‌స్పాట్లు ఆపవలెనని తలుపుమీద చీటి అంటించితిమి. ప్రతి విద్యార్థికిని అయిదేసి నిమిషములు వంతు వచ్చుచున్నది. రిజిస్టరు మేకునకు వ్రేలాడుచునే యున్నది. అందులో ఒక పద్దునకు మాత్రము కారణము వ్రాయు గడి ఖాళీగా నున్నది. ఒక మంగళవారము సాయంకాలము నాలుగున్నర గంటలకు, గదిలో ఇద్దరే యుండగా, వరండాలో ఎవరును లేకుండగా, చిత్రము ఆరు సెకండ్లు ఆగినది. ఆ పుటను తీసివేసి శుభ్రముగా తిరిగి వ్రాయుదుమని విద్యార్థులు అడిగిరి. వలదని చెప్పితిని.