దూరవిద్య అభ్యసించే వయోజనులకు గణిత బోధన సహాయం
వర్గల్ మండల అభ్యాసకులకు అందుబాటులో ఉన్న మార్గాలు – సమాచార వ్యాసం

సిద్దిపేట జిల్లా వర్గల్ గుట్టపై వెలసిన శ్రీ విద్యా సరస్వతీ దేవాలయం అక్షరాభ్యాసాలకు ప్రసిద్ధి. వసంత పంచమి నాడు వేలాది మంది తల్లిదండ్రులు తమ చిన్నారులచే పలకపై తొలి అక్షరం దిద్దించేందుకు ఇచటకు తరలివస్తారు. ఇదే మండల కేంద్రంలో జవహర్ నవోదయ విద్యాలయం కూడా ఉన్నది. చదువుకు ఇంతటి గుర్తింపు గల ఈ ప్రాంతంలోనూ బాల్యంలో బడి మానివేసి, ముప్పై, నలభై ఏళ్ల వయస్సులో తిరిగి పుస్తకం పట్టిన స్త్రీ పురుషులు ఉన్నారు. వీరిలో అధికులకు ఎదురయ్యే ప్రధాన అవరోధం గణితం. భాషలు, సాంఘిక శాస్త్రం స్వయంగా చదివి ఉత్తీర్ణులు కాగలిగినవారు సైతం లెక్కల వద్ద ఆగిపోవడం, ఆ ఒక్క సబ్జెక్టు కారణంగా ధ్రువపత్రం చేతికి అందకపోవడం సర్వసాధారణం. ఈ నేపథ్యంలో దూరవిద్య అభ్యాసకులకు గణితంలో సహాయం లభించే మార్గాలను, వాటి పరిమితులను ఈ వ్యాసం వివరిస్తున్నది.

నేపథ్యం

వర్గల్ మండలం 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మెదక్ జిల్లా నుండి విడివడి సిద్దిపేట జిల్లాలో చేరింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఏడేళ్లు, ఆపై వయస్సు గలవారిలో నేటి తెలంగాణ ప్రాంత అక్షరాస్యత సుమారు 66.5 శాతం. స్త్రీలలో ఇది సుమారు 58 శాతం మాత్రమే. అప్పటి ఉమ్మడి మెదక్ జిల్లా రాష్ట్ర సగటు కన్నా వెనుకబడి, సుమారు 61 శాతంగా నమోదైంది. ఆనాడు చదువుకు దూరమైన తరం నేడు ఉపాధి, పదోన్నతి అవసరాల దృష్ట్యా విద్యార్హతలను పెంచుకోవలసిన స్థితిలో ఉన్నది. ఉదాహరణకు, 2022లో కేంద్ర ప్రభుత్వం జారీ చేసిన సక్షమ్ అంగన్‌వాడీ – పోషణ్ 2.0 మార్గదర్శకాలు అంగన్‌వాడీ టీచరు నియామకానికి కనీస అర్హతగా పన్నెండో తరగతిని నిర్దేశించాయి.

వయోజనులు ఇంటి వద్ద ఉండి చదువుకొనే ఏర్పాటులో తెలుగు నేలకు విశిష్ట స్థానం కలదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఆవిర్భవించింది. దీని తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి. ఆయనే 1985లో ఏర్పడిన ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)కు కూడా తొలి ఉపకులపతిగా వ్యవహరించారు. రాష్ట్ర విశ్వవిద్యాలయం 1991లో డా. బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పేరు మార్చుకొన్నది. పాఠశాల స్థాయిలో 1991లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీ ఏర్పడగా, రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ (టాస్) ఈ బాధ్యతను నిర్వహిస్తున్నది.

సమస్య స్వరూపం

దూరవిద్యలో పాఠ్యపుస్తకమే ప్రధాన గురువు. చరిత్రలో ఒక పేరా అర్థం కాకున్నా తరువాతి పేరా చదువుకొనవచ్చు. గణితంలో ఆ వెసులుబాటు లేదు. భిన్నాలు రానివారికి శాతాలు రావు. రుణ సంఖ్యల గుర్తులు తెలియనివారికి సమీకరణాలు సాగవు. బడి మానిన నాటి తరగతి ఏదైతే, లెక్కల్లో లోపం సాధారణంగా అక్కడి నుండే మొదలవుతుంది. కనుక పదో తరగతి లెక్క చెప్పించుకొనేందుకు వచ్చిన వ్యక్తికి వాస్తవంగా అవసరమైనది ఐదో తరగతి పాఠం కావచ్చు. ఈ విషయం పైకి చెప్పుకొనేందుకు సంకోచించడం వలన అనేకులు సహాయం కోరకుండానే పరీక్షకు వెళుతున్నారు.

భాష మరొక చిక్కు. తెలుగు మాధ్యమంలో క.సా.గు., గ.సా.భా., బారువడ్డీ, కారణాంకం, చరరాశి అని నేర్చినవారు నేటి వీడియో పాఠాల్లో ఎల్‌సీఎం, హెచ్‌సీఎఫ్, సింపుల్ ఇంట్రెస్ట్, ఫ్యాక్టర్, వేరియబుల్ అన్న మాటలు విని ఇది వేరే పాఠమని భ్రమపడుతున్నారు. రెండు రకాల పదాలనూ జోడించి చెప్పగల బోధకుడు లభించినచో సగం భారం తగ్గుతుంది.

మూడవది కాలం. వ్యవసాయ పనులు, కర్మాగారాల షిఫ్టులు, ఇంటి బాధ్యతల నడుమ గజ్వేల్ లేదా సిద్దిపేట వరకు వెళ్లి రావడమంటే ఆ పూట కూలి వదులుకోవడమే. అందువలన సహాయం ఎంత దగ్గరలో లభిస్తుందనేది చదువు కొనసాగింపును నిర్ణయిస్తున్నది.

మొదటి మార్గం – చేరిన సంస్థ కల్పించే తరగతులు

ఓపెన్ స్కూల్ అభ్యాసకులకు అధ్యయన కేంద్రాలుగా ఉన్న పాఠశాలలు, కళాశాలల్లో ఆదివారాలు, సెలవు దినాల్లో సంపర్క తరగతులు నిర్వహిస్తారు. ప్రవేశ రుసుము చెల్లించిన అభ్యాసకులకు ఇవి హక్కుగా లభించేవి. అయినప్పటికీ ప్రవేశం పొందిన తరువాత నేరుగా పరీక్షకే హాజరయ్యే అలవాటు వలన ఈ తరగతుల ప్రయోజనం పూర్తిగా నెరవేరడం లేదు. ప్రవేశ సమయంలోనే గణిత తరగతుల తేదీలను, బోధించే ఉపాధ్యాయుని వివరాలను కేంద్రం సమన్వయకర్త నుండి లిఖితపూర్వకంగా తీసుకోవడం మంచిది.

సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో ఇదే ఏర్పాటును కౌన్సెలింగ్ తరగతులని వ్యవహరిస్తారు. ఇవి పాఠాన్ని మొదటి నుండి చెప్పేవి కావు. అభ్యాసకుడు ముందుగా చదివి వచ్చిన అంశాల్లో సందేహాలు తీర్చేవి. ఖాళీ చేతులతో వచ్చినవారికి ప్రయోజనం స్వల్పం. ఏ లెక్క ఏ మెట్టు వద్ద ఆగినదో నోటు పుస్తకంలో చూపగలిగినవారికి ఒక్క గంటలోనే వారం రోజుల శ్రమ తప్పుతుంది. ఇగ్నోలో అధిక శాతం కోర్సులకు అసైన్‌మెంట్లకు సాధారణంగా 30 శాతం వెయిటేజీ ఉన్నది. దిద్ది ఇచ్చిన అసైన్‌మెంటు పత్రం కూడా ఒక విధమైన వ్యక్తిగత బోధనయే. మార్కు చూసి పక్కన పెట్టక, తప్పు జరిగిన మెట్టును గుర్తించవలసి ఉన్నది.

ఇంటర్మీడియట్ లేకుండా డిగ్రీకి సిద్ధపడే 18 ఏళ్లు నిండినవారి కొరకు ఇగ్నో ఆరు నెలల బ్యాచిలర్ ప్రిపరేటరీ ప్రోగ్రాంను రూపొందించింది. ఇందులో సాధారణ గణితం ఒక కోర్సు. అయితే ప్రభుత్వోద్యోగం లక్ష్యంగా గలవారు ఈ విధమైన ప్రవేశం ఆ ఉద్యోగ నిబంధనలకు సరిపోతుందో లేదో సంబంధిత నోటిఫికేషన్‌ను పరిశీలించి నిర్ధారించుకోవాలి.

రెండవ మార్గం – స్థానిక బోధకులు

ప్రైవేటుగా లెక్కలు చెప్పించుకోదలచినవారు ఒక చట్ట నిబంధనను గమనించాలి. విద్యా హక్కు చట్టం–2009లోని 28వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదు. కాబట్టి ఊరి పాఠశాలలో పనిచేస్తున్న గణిత ఉపాధ్యాయుని ట్యూషను అడగడం వారిని ఇబ్బందికి గురిచేయడమే. వారి సేవలు అధ్యయన కేంద్రంలోని అధికారిక తరగతుల ద్వారా పొందడం సముచితం.

విశ్రాంత ఉపాధ్యాయులు, బి.ఇడి. పూర్తి చేసి నియామకం కొరకు నిరీక్షిస్తున్నవారు, గణితం ప్రధానంగా డిగ్రీ చదువుతున్న గ్రామ యువత ఈ అవసరాన్ని తీర్చగలరు. ఐదారుగురు అభ్యాసకులు బృందంగా ఏర్పడినచో రుసుము భారం తగ్గడమే గాక, వేళలను తమకు అనుకూలంగా నిర్ణయించుకొనే వీలు కలుగుతుంది. పిల్లల ట్యూషన్‌లో పెద్దలను కూర్చోబెట్టడం సత్ఫలితాలు ఇవ్వదు. పెద్దలకు విడిగా, వారి అనుభవానికి తగిన ఉదాహరణలతో బోధించవలసి ఉంటుంది.

ఈ అనుభవం తక్కువది కాదు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 50,000 రూపాయలు తెచ్చిన రైతు ఎనిమిది నెలలకు 8,000 రూపాయలు వడ్డీ అవుతుందని నోటితోనే చెప్పగలడు. ఏడాదికి 24 శాతం చొప్పున బారువడ్డీ సూత్రంతో లెక్క కట్టినా వచ్చేది అదే మొత్తం. రెండెకరాల 25 గుంటల భూమిని ముగ్గురు అన్నదమ్ములకు పంచవలసి వచ్చినప్పుడు, ఎకరానికి 40 గుంటల చొప్పున 105 గుంటలుగా మార్చి తలా 35 గుంటలు అనడం ప్రమాణాల మార్పిడి, భాగహారమే. పుస్తకంలోని గుర్తులను ఈ తెలిసిన లెక్కలకు జతచేసి చూపడమే వయోజన బోధనలో కీలకం.

కోచింగ్ సంస్థల్లో చేరేవారు 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ వెలువరించిన మార్గదర్శకాలను తెలుసుకొనడం అవసరం. 50 మందికి పైగా విద్యార్థులు గల కేంద్రాలకు ఉద్దేశించిన ఈ మార్గదర్శకాల ప్రకారం బోధకులకు కనీసం డిగ్రీ అర్హత ఉండాలి. చెల్లించిన రుసుముకు రసీదు ఇవ్వాలి. మధ్యలో మానివేసినవారికి మిగిలిన కాలానికి సంబంధించిన సొమ్మును పది రోజుల్లో తిరిగి చెల్లించాలి. ఉత్తీర్ణత ఖాయమని హామీ ఇచ్చే ప్రకటనలను నమ్మరాదు.

మూడవ మార్గం – ప్రసార, అంతర్జాల పాఠాలు

రాష్ట్ర ప్రభుత్వ టి-శాట్ నెట్‌వర్క్‌కు చెందిన విద్య, నిపుణ చానళ్లు పాఠాలను తెలుగులో ఉచితంగా అందిస్తున్నాయి. ఒకనాటి మన టీవీయే ఈ రూపు దాల్చింది. పాత పాఠాలను మొబైల్ ఫోనులో కూడా చూడవచ్చు. 2017లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ స్వయం వేదిక, ఇగ్నో పాఠ్యసామగ్రిని నిక్షిప్తం చేసిన ఈ-జ్ఞానకోశ్ డిగ్రీ స్థాయివారికి ఉపయుక్తం. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ ప్రచురించిన ఇంటర్మీడియట్ గణిత పుస్తకాలు తెలుగు మాధ్యమం వారికి దీర్ఘకాలంగా ఆధారంగా ఉన్నాయి.

అంతర్జాల పాఠం తిరిగి తిరిగి వినే అవకాశం ఇస్తుందే గాని అభ్యాసకుని తప్పును ఎత్తి చూపదు. చూసిన ప్రతి పాఠానికి నాలుగు లెక్కలు కాగితంపై చేసి, వాటిని ఎవరిచేతనైనా దిద్దించుకున్నప్పుడే ప్రయోజనం సిద్ధిస్తుంది.

ఎక్కడి నుండి ప్రారంభించాలి

నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్షలోని 80 ప్రశ్నల్లో 20 అంకగణితానికి సంబంధించినవి. కొడుకునో కూతురినో ఆ పరీక్షకు సిద్ధం చేస్తున్న తల్లి తన చదువుకు కూడా అదే పుస్తకాన్ని తొలి మెట్టుగా వాడుకొనవచ్చు. సంఖ్యలు, భిన్నాలు, దశాంశాలు, శాతాలు, వడ్డీ, వైశాల్యం – ఇవి నిలదొక్కుకొన్న తరువాత రుణ సంఖ్యలు, సులభ సమీకరణాలు, ఆపై పదో తరగతి పాఠ్యాంశాలు చేపట్టాలి.

ఓపెన్ స్కూల్ విధానంలో ఉత్తీర్ణత పొందిన సబ్జెక్టుల ఫలితం నిలిచి ఉంటుంది. ఒకసారి పొందిన ప్రవేశం ఐదేళ్లు చెల్లుతుంది. ఆ వ్యవధిలో తొమ్మిది పర్యాయాలు పరీక్ష రాయవచ్చు. కనుక ఇతర సబ్జెక్టులు ముందు పూర్తి చేసి, వ్యవసాయ పనులు తక్కువగా ఉండే వేసవి నెలలను గణితానికే కేటాయించుకొనడం ఆచరణ సాధ్యం. గణితం బదులు వేరే సబ్జెక్టు ఎంచుకొనే అవకాశాన్ని వినియోగించుకొనేవారు, ఆ తరువాత గణితం తప్పనిసరైన కోర్సులకు దారి మూసుకుపోతుందని గుర్తెరగాలి.

ప్రవేశానికి ముందు పరిశీలించవలసిన అంశాలు

– డిగ్రీ, పి.జి. కోర్సులకు యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఆ సంవత్సరానికి ఉన్నదీ లేనిదీ. 2024 నుండి ఈ కోర్సుల్లో చేరేవారు డెబ్-ఐడి పొందవలసి ఉన్నది.
– కేటాయించిన అధ్యయన కేంద్రంలో గణితానికి కౌన్సెలర్ ఉన్నారా, తరగతులు ఏ రోజుల్లో జరుగుతాయి.
– బోధనా మాధ్యమం, పుస్తకం మాధ్యమం, పరీక్ష మాధ్యమం ఒకటేనా.
– అసైన్‌మెంట్ల గడువు, పరీక్ష రుసుము చెల్లింపు తేదీలు.

అధికార యంత్రాంగం దృష్టికి

15 ఏళ్లు పైబడిన నిరక్షరాస్యుల కొరకు 2022–27 కాలానికి కేంద్రం చేపట్టిన నవ భారత సాక్షరతా కార్యక్రమం (ఉల్లాస్) అక్షరాలతో పాటు ప్రాథమిక సంఖ్యా పరిజ్ఞానాన్ని కూడా లక్ష్యంగా పెట్టుకొన్నది. ఇందులో చదువు చెప్పేది స్వచ్ఛంద బోధకులు. ఇదే బోధకుల సేవలను ఓపెన్ స్కూల్ అభ్యాసకుల అంకగణిత పునశ్చరణకు అనుసంధానించినచో అదనపు వ్యయం లేకుండానే గ్రామస్థాయిలో సహాయం అందించే వీలున్నది. సంపర్క తరగతుల్లో తొలి రెండు ఆదివారాలను భిన్నాలు, శాతాలు, గుర్తుల పునశ్చరణకు కేటాయించడం, హాజరు తగ్గిన అభ్యాసకులకు ఫోను ద్వారా గుర్తు చేయడం, తరగతుల పట్టికను గ్రామ పంచాయతీ నోటీసు బోర్డులో ఉంచడం వంటి చర్యలు సమన్వయకర్తల స్థాయిలోనే సాధ్యమైనవి.

బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ 1971లో తన తొలి విద్యార్థులను చేర్చుకొన్నప్పటి నుండి పుస్తకంతో పాటు ప్రతి అభ్యాసకునికి ఒక ట్యూటరును కేటాయించే పద్ధతిని అనుసరిస్తున్నది. దూరవిద్యలో దూరం తరగతి గదికే గాని గురువుకు కారాదన్నది దీని వెనుక ఉన్న సూత్రం. వర్గల్ వంటి గ్రామీణ మండలాల్లో ఒక గణిత బోధకుడు, వారానికి ఒక పూట, ఐదారుగురు అభ్యాసకులు – ఈ మూడూ ఒకచోట సమకూరినప్పుడు, ఏళ్ల తరబడి ఒక్క సబ్జెక్టు వద్ద నిలిచిపోయిన ధ్రువపత్రాలు అభ్యాసకుల చేతికి అందగలవు.