బడిలో ఇంగ్లీషు: చెవి, నోరు, యంత్రము

2022 మార్చి 8వ తేదీన వనపర్తిలోని జిల్లాపరిషత్ బాలుర ఉన్నత పాఠశాలలో నాటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావుగారు ‘మన ఊరు – మన బడి’ పథకమును ప్రారంభించిరి. బడికి కావలసిన పండ్రెండు వసతులు అందులో చెప్పబడినవి. నీళ్లు, మరుగుదొడ్లు, ప్రహరీగోడ మొదలగు వానితోపాటు డిజిటల్ విద్యయు వానిలో ఒకటి. ఆ ఏటనే తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించినది. ఇంగ్లీషు, యంత్రము ఇట్లు ఒకే సంవత్సరమున బడి గడప త్రొక్కినవి. అయితే వీని పొత్తు క్రొత్తది కాదు. ఆ పాతకథను ఇప్పుడు కొంత తలచుకొందము.

వనపర్తి సంస్థానము నిజాము రాజ్యములోనిది. ఆ రాజ్యపు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో బోధన ప్రధానముగా ఉర్దూలో జరిగెడిది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము సైతము ఉర్దూలోనే బోధించుచు, ఇంగ్లీషును విధిగా చదువవలసిన భాషగా నిలిపినది. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ, ఆపైన ఇంగ్లీషు. పాలమూరు పిల్లవాడు ఈ మూడవదానిని కంటితో నేర్చెనే గాని చెవితో నేర్వలేదు. వ్యాకరణము వల్లించెను, అనువాదము వ్రాసెను, పాఠము కంఠస్థము చేసెను. ఇంగ్లీషు మాట్లాడువారు ఊరిలో ఎందరని!

సంస్థానము విలీనమైన పిమ్మట రాజా రామేశ్వరరావుగారు లోకసభ సభ్యులుగా ఉండిరి. ఓరియంట్ లాంగ్మన్ అను ప్రచురణసంస్థకు అధిపతులై దేశమంతటికి ఇంగ్లీషు పుస్తకములు అందించిరి. వారి రాజభవనములో 1959లో పాలిటెక్నిక్ నెలకొన్నది. ఇంగ్లీషు అచ్చుతో వనపర్తికి ఇట్టి చుట్టరికము కలదు. దాని ధ్వనితోనే పరిచయము కొరవడినది.

ఆ ధ్వనిని దూరపు తరగతిగదికి చేర్చగల సాధనములలో రేడియో మొదట లెక్కింపదగినది. బి.బి.సి. 1924లోనే పాఠశాలలకు ప్రసారములు ఆరంభించినది. మన దేశమున 1937లో ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, మదరాసు కేంద్రములు ఆ పనికి పూనుకొన్నవి. ఇంట రేడియో గలవారికి దాని గుణము చెప్పనక్కరలేదు, దోషమును చెప్పవలెను. రేడియో పాఠము తన వేళకు వచ్చును, తన వేళకు పోవును. ఆ గంటలో బడిలో లెక్కలు నడచుచున్నచో ఇంగ్లీషు పాఠము గాలిలో కలిసిపోవలసినదే. వెనుకబెంచీ పిల్లవానికి ఒక మాట తెలియకపోయినను అది ఆగదు. అందుచేతనే ప్రసారమునకు ముందు ఉపాధ్యాయుడు పాఠమును పరిచయము చేయవలెననియు, పిదప ప్రశ్నలు వేయవలెననియు నియమము పెట్టుకొనిరి. అంతయు జరిగినను ఒక వెలితి మిగిలినది: రేడియో పలుకును గాని వినదు.

వినవలసినది చాల ఉన్నది. తెలుగు మాట అచ్చుతో ముగియుట మన భాషకు సహజము. కనుక మన పిల్లవాని నోట ‘బస్’ బస్సగును, ‘స్కూల్’ స్కూలగును. ప్రక్కన కూర్చున్న ఉర్దూ ఇంటి పిల్లవాడు అచ్చును చివర గాక మొదట చేర్చి ‘ఇస్కూల్’ అనును. వనపర్తివంటి ఊరిలో ఈ ఇద్దరును ఒకే బల్లమీద కూర్చుందురు. ఇద్దరి తప్పు ఒకటి కాదు, మందు ఒకటి కానేరదు. లండన్ గొంతు ఎంత స్పష్టమైనదైనను ఈ తేడాను ఎరుగదు.

1958లో హైదరాబాదున సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వెలసినది. అదే పెరిగి 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమై నేడు ఇఫ్లూ అను పేర ప్రసిద్ధమైనది. ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చుటయు, ధ్వనిశాస్త్రమును వారికి పరిచయము చేయుటయు దాని పనులలో ముఖ్యమైనవి. ఈ బోధనకు దొరకిన పరికరములలో మా దృష్టిలో మిన్నయైనది టేపు రికార్డరు. గ్రామఫోను ప్లేటు పరాయి గొంతును మాత్రమే వినిపించును. టేపు రికార్డరు చదువరి గొంతునే అతనికి తిరిగి వినిపించును. ఆ గొంతు తనదే అని మొదటిసారి ఎవ్వరును నమ్మరు! నమ్మిన పిమ్మట మాత్రము ఎచ్చట అచ్చు అదనముగా చేరినదో తమ చెవియే పట్టుకొనును. ఇంతటి సాధనము పల్లెబడులకు అందకుండుట మనకు జరిగిన నష్టము.

తరువాత బొమ్మ వచ్చినది. 1975 ఆగస్టు 1 మొదలు ఏడాదిపాటు అమెరికా వారి ఏ.టి.ఎస్.–6 ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజన్ ప్రసారములు సాగినవి. వనపర్తి నాడు చేరియున్న మహబూబ్‌నగరు జిల్లాయు ఆ ప్రయోగములో ఉండెను. ఉదయపు కార్యక్రమములు బాలురకొరకే. అవి ఇంగ్లీషు పాఠములు కావు. ఊరిబడికి ఆకాశమునుండి పాఠము దిగగలదని మాత్రము రుజువైనది. మహమ్మారి దినములలో, 2020 సెప్టెంబరు 1 నుండి, దూరదర్శన్ యాదగిరి, టి–శాట్ ఛానళ్లలో పాఠములు ప్రసారమైనవి. పిల్లలు ఇండ్లలో కూర్చుండి చూచిరి. బొమ్మ కదలెను, వారి నోరు మాత్రము కదలలేదు. రేడియోనాటి వెలితియే మరల వచ్చినది.

ఒక లెక్క చూడుడు. నలుబదియైదు నిమిషముల గంట, నలుబదియైదుగురు పిల్లలు. ఉపాధ్యాయుడు తాను నోరు మెదపకున్నను ఒక్కొక్కరికి దక్కునది ఒక నిమిషము. గోడకు ఎంత పెద్ద తెర తగిలించినను ఈ లెక్క మారదు. పైగా తెర మాట్లాడినంతసేపు పిల్లల నిమిషము తరుగును. నాటి టేపు రికార్డరు చేసిన పని నేడు ఉపాధ్యాయుని జేబులోని ఫోను చేయగలదు. పిల్లలను నలుగురేసి జట్లుగా విడదీసి, పాఠములోని నాలుగు వాక్యములు చదివించి, ఆ గొంతులనే వారికి వినిపించుటకు విశేష వ్యయము అక్కరలేదు. మొదట తరగతియంతయు నవ్వును. నవ్వు ఆగిన తరువాత వెనుకబెంచీనుండి ఒకడు ‘ఇంకొకసారి నాది పెట్టండి సార్’ అనును.