మేళం: మన ఊళ్ళ వాద్యబృందం

సింఫనీ ఆర్కెస్ట్రా అంటే ఎనభై, వందమంది వాద్యకారులు, వాళ్ళను ఎదురుగా నిలబడి నడిపించే కండక్టరు. అలాంటిది ముంబయిలో 2006లో ఏర్పడింది. అంతకు చాలా ముందే, 1952లో, ఆకాశవాణి మన వాద్యాలతో ఢిల్లీలో జాతీయ వాద్యబృందాన్ని నిలిపింది. ద్రాక్షారామంలో పుట్టిన వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు దాన్ని కొంతకాలం నడిపారు. హోసూరు, కృష్ణగిరి ఊళ్ళలో ఆ పని చేసేది మేళం. కన్నడం వాళ్ళు వాలగ అనేదీ ఇదే.

మేళంలో మనుషులు తక్కువ. ఒకటో రెండో నాదస్వరాలు, డోళ్ళు, తాళం, శ్రుతి. ఒకప్పుడు శ్రుతికి ఒత్తు ఊదే మనిషి ఉండేవాడు, ఇప్పుడు శ్రుతి పెట్టె. కండక్టరు లేడు. పెళ్ళిలో పురోహితుడి చేయి లేస్తే చాలు, ఊదుతున్న కీర్తన ఎక్కడున్నా ఆపి గట్టిమేళం అందుకుంటారు. తాళి కట్టే వేళ చెడ్డమాట చెవిన పడకూడదని ఆ హోరు. గుడిలో పొద్దునకు భూపాళం, బౌళి, స్వామి ఊరేగింపుకు బయలుదేరితే గంభీరనాటలో మల్లారి, పవళింపుకు నీలాంబరి. హోసూరు కొండమీది చంద్రచూడేశ్వరుడి తేరు కదిలేటప్పుడు ఏ రాగం వినిపిస్తున్నదో ఈసారి చెవిపెట్టి చూడండి.

నాదస్వరం అరవవాళ్ళ సొత్తు అనుకునేవాళ్ళు మనలోనే ఉన్నారు. తెలుగునాట నాయీబ్రాహ్మణ కుటుంబాలు, ముస్లిం కుటుంబాలు తరతరాలుగా దాన్ని సాకాయి. షేక్ చినమౌలానా గారు 1924లో ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టారు. తంజావూరు బాణీ మీద మనసుపడి నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర నేర్చుకున్నారు, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తమిళనాట ఉంటూ తెలుగువాళ్ళుగా మిగిలిన మనకు ఈ పేర్లు తెలియకపోవడం చిన్నతనం.

ఇంకొక సంగతి. మేళగాళ్ళు ఊదే కీర్తనల్లో త్యాగరాజస్వామివి ఎన్నో, అవి తెలుగు. ఊదేవాళ్ళలో తెలుగు రానివాళ్ళూ ఉంటారు. సాహిత్యం తెలిసిన మనమేమో ఆ వేళకు భోజనాల వరుస చూసుకుంటూ ఉంటాం.

చాలా గుళ్ళలో ఇప్పుడు హారతి వేళ మీట నొక్కితే మోగే డోలు, గంటల యంత్రం పెట్టారు. దానికి జీతం అక్కరలేదు, నిజమే. అది నీలాంబరి ఊదలేదు, అదీ నిజమే. పెళ్ళిళ్ళలో వీడియోవాళ్ళకు అడిగినంత ఇచ్చి మేళం దగ్గర బేరమాడతాం. వాళ్ళ పిల్లలు ఈ విద్య వద్దని పారిశ్రామికవాడలో పనికి పోతే తప్పు పట్టే హక్కు మనకు లేదు.

నేర్చుకోదలిచిన పిల్లలకు దారి మూసుకుపోలేదు. కృష్ణగిరిలోని జిల్లా ప్రభుత్వ సంగీత పాఠశాలలో నాదస్వరం, డోలు (అక్కడ తవిల్ అంటారు) నేర్పుతారు. తెలుగులోనే నేర్వాలంటే తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారి నాదస్వర డోలు పాఠశాల ఉంది. మేళగాళ్ళ ఇళ్ళ పిల్లలే చేరాలన్న నియమం ఎక్కడా లేదు.