పార్కింగ్ లేని ఐదు స్టేషన్లు

అమెరికా రాజధాని వాషింగ్టన్ నుంచి పొటోమాక్ నది దాటి పడమరగా సాగే ఐ-66 హైవే ముందుగా ఆర్లింగ్టన్ కౌంటీలోకి వస్తుంది. అమెరికాలో అంతర్రాష్ట్ర రహదారులంటే రాత్రింబగళ్ళు బారులు తీరే లారీలే. ఈ కొద్ది మైళ్ళలో మాత్రం పెద్ద లారీలకు ప్రవేశం లేదు. 1982 డిసెంబరు 22న తెరిచిన నాటికి దీనికి అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగే లేన్లు. రద్దీ వేళ, రద్దీ ఉన్న వైపు, కారులో కనీసం నలుగురు ఉంటేనే ఎక్కనిచ్చేవారు. నిజానికి ఇంజినీర్లు మొదట గీసిన నక్షాలో ఉన్నవి ఎనిమిది లేన్లు. ఆ ఎనిమిది నాలుగైన కాలంలోనే ఈ చిన్న కౌంటీ ఇంకో పెద్ద నిర్ణయం కూడా తీసుకుంది. గ్రీన్‌హౌస్ వాయువుల మాట రాజకీయాల్లో ఇంకా వినబడని రోజులవి. అయినా ఆ వాయువుల తగ్గింపు గురించి ఇవాళ ప్లానింగ్ అధికారులు మాట్లాడుకునేటప్పుడు ఆర్లింగ్టన్ పేరు తప్పక వస్తుందంటే దానికి కారణం ఆ నిర్ణయాలే.

ఆర్లింగ్టన్ విస్తీర్ణం 26 చదరపు మైళ్ళు, అంటే మన మండలాల్లో చాలావాటి కంటే తక్కువ. పేరుకు కౌంటీయే గాని లోపల వేరే మునిసిపాలిటీ ఒక్కటీ లేదు. ఎక్కడ ఏ కట్టడం రావాలో తేల్చేది ఐదుగురు సభ్యుల కౌంటీ బోర్డు. వర్జీనియా రాష్ట్రంలో తమ వీధుల బాగోగులు తామే చూసుకునే కౌంటీలు రెండే రెండు, వాటిలో ఇదొకటి. రోడ్డూ భూమీ ఒకే చేతిలో ఉండటం తర్వాతి కథకంతటికీ ఆధారం.

ఈ ఊళ్ళు పుట్టిందే రైలు పట్టాల పక్కన. 1890లలో ఎలక్ట్రిక్ ట్రాలీ బండి రాస్లిన్ నుంచి పడమరగా సాగింది. ఆ దారి పొడవునే క్లారెండన్, బాల్‌స్టన్ పెరిగాయి. క్లారెండన్ కూడలి చుట్టూ బట్టల కొట్లు, సామాన్ల దుకాణాలు వెలిసి, ఉత్తర వర్జీనియా అంతటికీ అదే పెద్ద బజారైంది. 1930లలో ట్రాలీలు ఆగిపోయాయి. 1951లో బాల్‌స్టన్‌లో భారీ పార్కింగ్ గ్యారేజీతో పార్కింగ్టన్ అనే షాపింగ్ సెంటర్ తెరిచారు. 1968లో పొరుగున ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో టైసన్స్ కార్నర్ మాల్ వచ్చేసరికి క్లారెండన్ దుకాణాల గిరాకీ పడిపోయింది. జనం కూడా తరలిపోయారు. 1970లో 1,74,284గా ఉన్న కౌంటీ జనాభా 1980 నాటికి 1,52,599కి తగ్గింది.

సరిగ్గా ఈ కష్టకాలంలో రెండు పెద్ద పనులు ఒకేసారి కౌంటీ గుమ్మంలోకి వచ్చాయి. ఒకటి హైవే, రెండోది మెట్రో రైలు.

హైవేకు కావలసిన దారి చాలావరకు సిద్ధంగానే ఉంది. వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ అనే పాత రైల్వే 1968లో మూతపడింది. ఆ పట్టాల దారిలో కొంత భాగాన్ని రాష్ట్ర హైవే శాఖ కొనేసింది, చుట్టుపక్కల ఇళ్ళూ కొని ఖాళీ చేయించడం మొదలుపెట్టింది. అక్కడి జనం ఊరుకోలేదు. ఆర్లింగ్టన్ కోయలిషన్ ఆన్ ట్రాన్స్‌పోర్టేషన్ పేరిట కూడి కోర్టుకు వెళ్ళారు. వాళ్ళ చేతికి అప్పుడే ఓ కొత్త చట్టం దొరికింది. జాతీయ పర్యావరణ విధాన చట్టం మీద 1970 జనవరి 1న సంతకమైంది. హైవే పథకం ఆ చట్టం కంటే పాతది కాబట్టి తమకు వర్తించదని ప్రభుత్వం వాదించింది. 1972లో అప్పీళ్ళ కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. పర్యావరణ ప్రభావ నివేదిక తయారయ్యేదాకా పని ఆపమంది.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి బేరసారాలు నడిచాయి. కేంద్ర రవాణా మంత్రి విలియం కోల్మన్ 1975లో ఒకసారి హైవేను కాదన్నారు. 1977 జనవరిలో షరతులు పెట్టి ఒప్పుకున్నారు. నాలుగు లేన్లకు మించకూడదు, లారీలు రాకూడదు, రద్దీ వేళ ఒంటరి డ్రైవర్లను ఎక్కనివ్వకూడదు, హైవే మధ్యలో మెట్రోకు చోటు వదలాలి. అలా పోరాడినవాళ్ళకు హైవే పూర్తిగా ఆగలేదు, కట్టాలన్నవాళ్ళకు కోరినంత దక్కలేదు. వీధుల్లో, కోర్టులో నిలబడ్డ మామూలు కాపురస్తుల చలవతో దక్కిన సగం వెడల్పు అది. ఈ మాట కౌంటీ చరిత్రలో ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

ఇక రెండో నిర్ణయం. మెట్రోను ఎక్కడ వేయాలి? తక్కువ ఖర్చులో అయ్యే దారి కళ్ళ ఎదుటే ఉంది. హైవే మధ్యలో పట్టాలు పరిస్తే సొరంగం తవ్వే పని తప్పుతుంది, భూసేకరణ గొడవా ఉండదు. కౌంటీ దానికి ఒప్పుకోలేదు. హైవే మధ్య స్టేషన్ పెడితే దాని చుట్టూ ఉండేవి కార్లే, మనుషులు ఉండరు. అందుకని వాడిపోతున్న పాత బజారు దారి, అంటే విల్సన్ బుల్వార్డ్, ఫెయిర్‌ఫాక్స్ డ్రైవ్ వెంట, నేల కింద లైను వేయాలని పట్టుబట్టింది. చివరికి సాధించుకుంది. 1979 డిసెంబరు 1న రాస్లిన్ నుంచి బాల్‌స్టన్ దాకా రైలు నడిచింది. రాస్లిన్, కోర్ట్ హౌస్, క్లారెండన్, వర్జీనియా స్క్వేర్, బాల్‌స్టన్ అని వరసగా ఐదు స్టేషన్లు, ఒకదానికొకటి నడిచి వెళ్ళగలిగేంత దగ్గరలో. అంటే పాత ట్రాలీ దారిలోనే, దాదాపు నలభై ఏళ్ళ ఎడంతో, రైలు మళ్ళీ నడిచింది, ఈసారి నేల కింద.

స్టేషన్ కట్టగానే ఊరు మారదు. ఆ సంగతి కౌంటీ ప్లానర్లకు తెలుసు. 1972లోనే ఈ దారి వెంట భూమిని ఎలా వాడాలో రకరకాల నమూనాలు గీసి జనం ముందు పెట్టారు. 1977 నాటి భూవినియోగ ప్రణాళికలో ఒక రూపం ఖాయమైంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘బుల్స్ ఐ’. విలువిద్య గురిపలకలో వలయాల్లాగా, స్టేషన్ దగ్గర ఎత్తయిన ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు, దూరం వెళ్ళేకొద్దీ తగ్గుతూ వచ్చే కట్టడాలు. పావు మైలు, అంటే సుమారు 400 మీటర్లు, దాటాక మళ్ళీ పెంకుటిళ్ళంత ఎత్తులో చెట్ల మధ్య సొంత ఇళ్ళు. స్టేషన్ దగ్గర ఎంతైనా పెరగనివ్వండి, మా వీధి జోలికి మాత్రం రావద్దు అన్నది సొంత ఇళ్ళవాళ్ళ షరతు. కౌంటీ ఆ మాట ఇచ్చింది. 1974 నుంచి 1997 దాకా బోర్డులో ఉన్న ఎలెన్ బోజ్‌మన్ వంటివాళ్ళు, ఎన్నికలు ఎన్ని వచ్చినా, ఈ ప్రణాళికను పక్కకు జరగనివ్వలేదు.

అమలు చేసిన తీరు చూస్తే పట్టుదల అర్థమవుతుంది. బిల్డరు అదనపు అంతస్తులు కావాలని వస్తే కౌంటీ తన చిట్టా బయటికి తీసేది. భవనం ముందు కాలిబాట ఇంత వెడల్పు ఉండాలి, మెట్రో ద్వారానికి ఇంత ఇవ్వాలి, సైకిళ్ళకు చోటూ వాటి మీద వచ్చేవాళ్ళకు స్నానాల గదులూ ఉండాలి, అద్దెకుండేవాళ్ళకూ ఉద్యోగులకూ బస్సు, రైలు పాసుల ఖర్చులో సాయం చేయాలి. ఒక్కో భవనానికి ఒక్కో ఒప్పందం. ఇలా దశాబ్దాల పాటు సాగింది.

ఈ మార్పులో నలిగిపోయినవాళ్ళు ఉన్నారు. క్లారెండన్‌లో మెట్రో తవ్వకాలు జరుగుతున్నప్పుడు వీధులు గోతులమయం. పాత షాపులు మూతపడి అద్దెలు దిగిపోయాయి. 1975లో సైగాన్ పతనమయ్యాక వచ్చిన వియత్నామీ శరణార్థులు ఆ ఖాళీ కొట్లలో చేరారు. మట్టి దిబ్బల పక్కనే చేపల సాస్ సీసాలు, బియ్యపు నూడుల్స్ అమ్మారు. బంగారు నగల కొట్లు, బట్టలు కుట్టే దుకాణాలు, క్వీన్ బీ, కెఫే దలాత్ వంటి హోటళ్ళు వచ్చాయి. దానికి ‘లిటిల్ సైగాన్’ అని పేరు పడింది. దేశం పోగొట్టుకుని వచ్చినవాళ్ళు వారాంతాల్లో అక్కడే కలుసుకునేవారు. రైలు మొదలయ్యాక అద్దెలు పెరిగాయి, కొత్త భవనాలు వచ్చాయి, కొట్లు ఒక్కొక్కటిగా సర్దుకున్నాయి. చాలామంది ఫాల్స్ చర్చ్‌లో ఉన్న ఈడెన్ సెంటర్‌కు వెళ్ళిపోయారు. కౌంటీ సాధించిన మేలు గురించి రాసేటప్పుడు ఈ కొట్లవాళ్ళ గురించి కూడా రాయాలి. ఆ బజారును చచ్చిపోకుండా కాపాడింది వాళ్ళే.

మేలు మాత్రం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఈ ఐదు స్టేషన్లలో దేనికీ మెట్రో వారి పార్కింగ్ స్థలం లేదు. జనం చాలావరకు నడిచే వస్తారు. అదే లైను పడమటి కొసన, 1986లో హైవే మధ్యలో తెరిచిన వియన్నా స్టేషన్‌లో 5,000 పైచిలుకు కార్లకు చోటు కట్టాల్సి వచ్చింది. ఒకే రైలు, ఒకే టికెట్. వియన్నాలో రైలెక్కాలంటే చాలామంది ముందు కారెక్కాలి. చల్లటి ఇంజిన్‌ను పొద్దున్నే స్టార్ట్ చేసి మూడు నాలుగు మైళ్ళు నడిపితే వెలువడే పొగ, రైలు వల్ల మిగిలిందాన్ని కొంత మింగేస్తుంది. బాల్‌స్టన్‌లో ఆ ప్రయాణమే ఉండదు. 2020 నాటికి కౌంటీ జనాభా 2,38,643కు చేరింది. ఇన్ని ఇళ్ళు, ఆఫీసులు పెరిగినా విల్సన్ బుల్వార్డ్ వంటి ప్రధాన వీధుల్లో కార్ల రద్దీ అంత పెరగలేదు, కొన్నిచోట్ల తగ్గింది కూడా. 2002లో కేంద్ర పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇచ్చిన స్మార్ట్ గ్రోత్ పురస్కారం ఆర్లింగ్టన్‌కు దక్కింది.

ఇదే సొరంగంలో నడిచే మరో మెట్రో మార్గం, సిల్వర్ లైన్, 2022 నవంబరు 15 నుంచి పడమరన యాష్‌బర్న్ దాకా వెళ్తోంది. హెర్న్‌డన్, యాష్‌బర్న్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలవాళ్ళు వాషింగ్టన్ వెళ్ళే రైలెక్కితే ఈ ఐదు స్టేషన్ల మీదుగానే పోవాలి. యాష్‌బర్న్‌లో హైవే మధ్య ప్లాట్‌ఫారం మీద నిలబడి, గంటలోపు క్లారెండన్‌లో దిగి మెట్లెక్కి పైకి వచ్చినవాళ్ళకు రెండు రకాల ప్లానింగ్‌ల తేడా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

కర్బన లెక్కలు చాలా ఆలస్యంగా మొదలయ్యాయి. 2007లో కౌంటీ తన ఉద్గారాలను లెక్కగట్టింది. తలకు ఏడాదికి 13.4 టన్నులు తేలింది. 2013లో ఆమోదించిన కమ్యూనిటీ ఎనర్జీ ప్లాన్ దాన్ని 2050 నాటికి 3 టన్నులకు దించాలంది. 2019లో ఆ ప్రణాళికను సవరించి, 2050కల్లా నికర ఉద్గారాలు సున్నా కావాలని రాసుకున్నారు. దేశం మొత్తం మీద రవాణాదే అతి పెద్ద వాటా కాగా, ఇక్కడ భవనాలది పెద్ద వాటా. ఆ తేడా వెనుక 1970ల నాటి సొరంగం ఉంది. 2022లో రాజధాని ప్రాంత రవాణా ప్రణాళికా బోర్డు కూడా, 2005తో పోల్చి, రోడ్డు వాహనాల ఉద్గారాలను 2030కి సగానికి, 2050కి 80 శాతం మేర తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది.

కొన్ని ప్రయత్నాలు ఫలించలేదు. మెట్రో లేని కొలంబియా పైక్ దారిలో, అనేక దేశాల నుంచి వచ్చిన తక్కువ జీతాల కుటుంబాలు ఉండే చోట, వీధి ట్రామ్ వేయాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించారు. అంచనా 30 కోట్ల డాలర్లు దాటింది, వ్యతిరేకత పెరిగింది, 2014 నవంబరులో బోర్డు చేతులెత్తేసింది. అక్కడివాళ్ళకు నేటికీ బస్సే గతి. ఐ-66 మీద నలుగురి నియమం ముగ్గురికి, తర్వాత ఇద్దరికి దిగింది. 2017 డిసెంబరులో ఒంటరి డ్రైవర్లనూ టోల్ తీసుకుని రానిచ్చారు. మొదటి వారంలోనే ఒక్క ప్రయాణానికి టోల్ 40 డాలర్లకు ఎగబాకి గగ్గోలు లేచింది. ఆ డబ్బులో కొంత బస్సులకూ రైళ్ళకూ వెళ్తోంది.

ఇప్పుడు అసలు తగాదా ఇళ్ళ మీద. స్టేషన్లకు దగ్గరగా అద్దెలు ఆకాశంలో ఉన్నాయి. టీచర్లు, నర్సులు, హోటల్ పనివాళ్ళు దూరపు కౌంటీల్లో ఉంటూ కార్లలో వస్తున్నారు. వాళ్ళ పొగ ఆర్లింగ్టన్ ఖాతాలో పూర్తిగా పడదు గాని గాలిలో కలుస్తుంది. వాళ్ళకు చోటివ్వాలంటే 1970లలో ముట్టబోమని మాటిచ్చిన సొంత ఇళ్ళ వీధుల్లోనే ఇవ్వాలి. 2023 మార్చిలో బోర్డు ఆ పని చేసింది. ఒక్క ఇంటికే అనుమతి ఉన్న స్థలంలో ఆరు వాటాల దాకా కట్టుకోవచ్చంది. ఇళ్ళ యజమానులు కొందరు దావా వేశారు. 2024 సెప్టెంబరులో జడ్జి ఆ నిర్ణయాన్ని కొట్టేశారు. కౌంటీ అప్పీలుకు వెళ్ళింది.