బిల్లు కట్టలేదు, 75 టైటాన్లు పేలిపోయాయి

ఈ ఎపిసోడ్‌లో ఒక యుద్ధం గురించి చెప్తాను. 2014 జనవరి 27న మొదలైంది, దాదాపు 21 గంటలు నడిచింది. జరిగిన చోటు బీ-ఆర్5ఆర్‌బీ. మ్యాప్‌లో వెతక్కండి, దొరకదు. అది ఈవ్ ఆన్‌లైన్ అనే గేమ్‌లో ఒక నక్షత్ర మండలం. ఐస్‌లాండ్‌కి చెందిన సీసీపీ కంపెనీ 2003లో రిలీజ్ చేసిన గేమ్ ఇది.

గేమ్‌లో యుద్ధానికి చరిత్ర ఏంటి అనుకుంటున్నారా? మామూలు గేమ్‌లో చస్తే మళ్ళీ పుడతాం. ఇక్కడ ఓడ పేలితే పోయినట్టే. టైటాన్ అనేది అన్నిటికంటే పెద్ద ఓడ. దాన్ని కట్టడానికి ఖనిజం తవ్వాలి, విడిభాగాలు చేయాలి, తయారవ్వడానికే వారాలు పడుతుంది. నడపడం నేర్చుకోవడానికి ఇంకా ఎక్కువ. అలాంటివి ఆ ఒక్క రోజులో 75 పోయాయి.

గొడవ ఎలా మొదలైందంటే, ఆ మండలం పాండెమిక్ లీజియన్, ఎన్3 అనే కూటమి చేతిలో ఉండేది. అప్పట్లో ఏ మండలాన్నైనా మనది అనిపించుకోవాలంటే గేమ్‌లో బిల్లు కట్టాల్సి ఉండేది. ఆ బిల్లు కట్టడం తప్పిపోయింది. కరెంటు బిల్లు మర్చిపోతే ఫ్యూజు పీకినట్టు, హక్కు పోయింది. అవతలి వైపు రష్యన్ ప్లేయర్లు, వాళ్ళ మిత్రులు సీఎఫ్‌సీ వెంటనే దిగిపోయారు. ఓడలు, సామాను దాచుకున్న స్టేషన్ అక్కడే ఉంది కాబట్టి వీళ్ళు వదులుకోలేరు.

ఇప్పుడు అసలు సంగతి, డ్యామేజ్ లెక్క. ఈవ్‌లో తుపాకీ తగలాలంటే గురి ఒక్కటే సరిపోదు. టార్గెట్ మన చుట్టూ ఎంత వేగంగా తిరుగుతోంది, ఎంత పెద్దది, ఎంత దూరంలో ఉంది, ఇవన్నీ ఫార్ములాలోకి వస్తాయి. పొలాల అవతల రైలు పోతుంటే తల మెల్లగా తిప్పితే చాలు. అదే రైలు ప్లాట్‌ఫామ్ అంచున దూసుకెళ్తే తల తిప్పేలోపే బోగీ దాటిపోతుంది. పెద్ద తుపాకీ మెల్లగా తిరుగుతుంది. అందుకే చిన్న ఓడ దగ్గరికొచ్చి గుండ్రంగా తిరిగితే, దాన్ని పెద్ద ఓడ కొట్టలేక చస్తుంది. ఆ చిన్నవాళ్ళే బబుల్ వేసి టైటాన్‌ని పారిపోకుండా పట్టి ఉంచుతారు. ఏనుగు కాలికి గొలుసు అన్నమాట.

ఇంకో ముఖ్యమైన విషయం రిపేరు. దెబ్బ తిన్న ఓడకి పక్కనున్న ఓడలు షీల్డ్, ఆర్మర్ నింపుతూనే ఉంటాయి. అంటే సగం దెబ్బ కొట్టి ఆపేస్తే కొట్టనట్టే. అందుకే కమాండర్ ఒక పేరు చెప్తాడు, అందరూ దాని మీదే ఒకేసారి కొట్టాలి. టైటాన్‌కి డూమ్స్‌డే అనే ఆయుధం ఉంది. ఒకసారి పేలిస్తే మళ్ళీ సిద్ధం కావడానికి 10 నిమిషాలు.

ఇక్కడే నాలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ లేచి కూర్చున్నాడు. ఒకే మండలంలో రెండు వేలమందికి పైగా చేరితే సర్వర్ తట్టుకోదు. మామూలుగా అయితే క్రాష్. సీసీపీ వాళ్ళు టైమ్ డైలేషన్ అని పెట్టారు. లోడ్ పెరిగితే గేమ్‌లో కాలమే నెమ్మదిస్తుంది, 10 శాతం వరకు దిగుతుంది. చాలా అందమైన సొల్యూషన్ అని నా అభిప్రాయం. కానీ దాని ఫలితం చూడండి. 10 నిమిషాల డూమ్స్‌డే 100 నిమిషాలకి ఒకసారైంది. ఈలోగా ఎక్కడో నిద్ర లేచిన వాళ్ళు, ఆఫీసు నుంచి ఇంటికొచ్చిన వాళ్ళు లాగిన్ అయి చేరిపోతున్నారు. మొత్తం మీద పాల్గొన్నవాళ్ళు 7,548 మంది.

ఇంగ్లండ్ ఇంజనీర్ ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1916లోనే ఒక లెక్క చెప్పాడు. దూరం నుంచి కాల్చుకునే యుద్ధంలో బలం సంఖ్యతో కాదు, సంఖ్య వర్గంతో పెరుగుతుంది. 10 మంది, 8 మంది సమానమైన వాళ్ళు చివరిదాకా కొట్టుకుంటే, 10 మంది వైపు మిగిలేది ఇద్దరు కాదు. 100 లోంచి 64 తీసేసి వర్గమూలం వేయండి. ఆరుగురు.

బీ-ఆర్‌లో కనిపించింది ఇదే. ఒక టైటాన్ పోతే, తర్వాతి రౌండ్‌లో ఒక డూమ్స్‌డే తక్కువ. అవతలి ఓడ ఒకటి ఎక్కువ సేపు బతుకుతుంది. అది మళ్ళీ మనదాన్ని కొడుతుంది. చివరికి లెక్క 59కి 16. ఎన్3, పాండెమిక్ వైపు పోయినవి 59. ధైర్యం తక్కువై కాదు, తేడా కూడుతూ పోయింది. నెమ్మదించిన కాలం వల్ల అది కళ్ళముందే, గంటలు గంటలు, ఏమీ చేయలేకుండా జరిగింది. నాకైతే అదే ఎక్కువ భయంగా అనిపిస్తుంది.

నష్టం సుమారు 3 లక్షల డాలర్లు అని వార్తల్లో వచ్చింది. ఎవరి జేబులోంచీ అంత నగదు పోలేదు. గేమ్ డబ్బుని సబ్‌స్క్రిప్షన్ ధరతో లెక్కగట్టిన అంచనా అది.

ఈవ్ సర్వర్ రోజూ మెయింటెనెన్స్‌కి ఆగుతుంది, మన టైమ్ ప్రకారం సాయంత్రం నాలుగున్నరకి. 28న ఆ టైమ్ దగ్గరపడేసరికి ఓడినవాళ్ళు మిగిలిన ఓడల్ని ఎలా బయటపడేయాలా అని చూస్తున్నారు. తర్వాత సీసీపీ ఆ మండలంలో టైటాన్ల శిథిలాలు శాశ్వతంగా ఉంచేసింది. ఇప్పటికీ లాగిన్ అయి చూసి రావచ్చు. పేరు టైటానోమాకీ. వెళ్ళేటప్పుడు మాత్రం ఖరీదైన ఓడ వేసుకెళ్ళకండి, దారిలో కాచుక్కూర్చునే వాళ్ళు ఉంటారు.