డప్పు మానినవారు

మతము కొరకై బాధలు పడినవారి చరిత్రలను చదువునప్పుడు మన కన్నులకు ముందుగా కట్టునవి రోమాపురపు సింహములు, ఐరోపాలోని చితులు, నాగసాకి కొండమీది సిలువకొయ్యలు. కంభము సీమ క్రైస్తవుల చరిత్రలో అట్టి దృశ్యములు కానరావు. ఇచ్చట ఎదిరింపు నీళ్లకుండ రూపమున వచ్చినది. కళ్లములో కొలువక నిలిపిన గింజల రూపమున వచ్చినది. బీడునుండి మరలగొట్టబడిన గొడ్ల రూపమున వచ్చినది. కత్తి కనబడదు గనుక చరిత్రకారుల చూపు దీనిపై అంతగా నిలువలేదు. పల్లెటూరి బ్రతుకు నెరిగిన పాఠకులకు మాత్రము, మెట్టసీమలో ఒక వాడకు వేసవి దినములలో నీరు నిలిపివేయుట యనగా నేమో మేము వేరుగ చెప్పనక్కరలేదు.

కంభము పేరు చెప్పగానే చెరువు జ్ఞప్తికి వచ్చును. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ, జంపలేరు కలిసి కొండల నడుమ సాగు ఇరుకున కట్ట వేసి ఈ చెరువును నిర్మించిరి. శ్రీకృష్ణదేవరాయల దేవియు గజపతుల ఆడపడుచును అగు వరదరాజమ్మ దీనిని కట్టించెనని ప్రతీతి. చెరువు దాటిన గుండ్లకమ్మ తూర్పునకు సాగి ఒంగోలు సీమలో సముద్రమును చేరును. మేము చెప్పబోవు కథయు ఆ నది వెంటనే నడచినది గాని, ఎదురు దిక్కుగా నడచినది. ఒంగోలునుండి పడమటికి ఎగబ్రాకినది. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. కంభము, మార్కాపురము కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు సర్కారువారి పటములో ఈ ప్రాంతములు ఒక్కటైనవి. అమెరికన్ బాప్టిస్టు మిషనువారి పటములో అవి అంతకు నూరేండ్లకు ముందే ఒక్కటి.

ఈ సీమలో చెరువుక్రింద తరి కొంత మాత్రమే. మిగిలినది మెట్టయు, బావుల సేద్యమును. బావికి మోట కావలెను, మోటకు తోలు కావలెను, తోలునకు మాదిగలు కావలెను. ఊరిలో గొడ్డు చచ్చినచో దానిని ఈడ్చుకొనిపోవుట వారి విధి. దాని తోలును మాంసమును వారి హక్కు. ఆ తోలును తంగేడు చెక్కతో పదును చేసి, మోటలును వారులును చెప్పులును కుట్టి రైతున కిచ్చి, పంటకాలమున కళ్లములో మేర గింజలు పుచ్చుకొనెడివారు. పెండ్లియైనను చావైనను, అమ్మవారి కొలుపైనను జాతరయైనను డప్పు వారిదే. వారి వాడ ఊరికి వెలుపల. వారి పని మాత్రము ఊరి నడిబొడ్డున. ఈ అమరికను మనస్సున ఉంచుకొననిచో తరువాత జరిగినది మనకు తెలియదు.

ఈ కథకు మూలపురుషుడు ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమరనున్న తాళ్లకొండపాడు ఆయన నివాసము. జాతికి మాదిగ, వృత్తికి తోళ్ల వర్తకుడు. క్రైస్తవుడు కాకమునుపే ఆయన సత్యాన్వేషి. పోతులూరి వీరబ్రహ్మము పేరిట ఈ ప్రాంతములందు వ్యాపించిన రాజయోగ సంప్రదాయములో ఉపదేశము పొంది సాధన చేసినవాడు. తనవారిలో కొందరికి తానే గురువైనవాడు. వీరబ్రహ్మము శిష్యులలో దూదేకుల సిద్ధయ్యయు, మాదిగ కక్కయ్యయు ఉండిరని తెలుగునాట అందరును చెప్పుకొనుదురు. ఊరి దేవళపు గడప దాటరానివానికి ఆ గురుపీఠము తెరచియున్నది. కనుక, మిషనరీ వచ్చి మాదిగవాడను నిద్ర లేపెనని చెప్పువారి మాట సగమే నిజము. ఆ వాడలో కొందరు ముందే మేల్కొని, తలుపు తట్టువాని కొరకు చూచుచుండిరి.

తోళ్ల వర్తకమునకై ఉత్తరమునకు పోయినప్పుడు పేరయ్య ఏలూరులో క్రైస్తవబోధ వినెను. 1866 మార్చిలో ఆయనయు ఆయన భార్య నాగమ్మయు ఒంగోలులో లైమన్ జ్యూవెట్ దొరచేత బాప్తిస్మము పొందిరి. అదే సంవత్సరమున జాన్ ఎవరెట్ క్లౌ దొర ఒంగోలులో కాపురము పెట్టెను. 1867 జనవరి 1వ తేదీన అక్కడ సంఘము స్థాపించినప్పుడు సభ్యులు ఎనమండుగురు. ఆ నెలలోనే క్లౌ తాళ్లకొండపాటికి పోగా, పేరయ్య బోధ విన్నవారు చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చి అచ్చటనే కొన్ని దినములు విడిసిరి. జనవరి 20వ తేదీన ఇరువది యెనమండుగురు బాప్తిస్మము పొందిరి.

ఒంగోలులో మాత్రము దీనికి వేరొక ఎదిరింపు సిద్ధముగా నుండెను. క్లౌ దంపతుల పాఠశాలలో పై కులముల బాలురు చదువుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము నిలువమని వారి పెద్దలు తెలియజేసిరి. ఆ సందిగ్ధమున దొరయు దొరసానియు వేరువేరు గదులలో బైబిలు తెరువగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయమే ఇద్దరికిని కనబడెనని మిషను చరిత్రలు చెప్పును. లోకము నీచమని త్రోసివేసినవారిని దేవుడు ఏరుకొనుటను గూర్చిన అధ్యాయమది. కథ ఎట్లున్నను ఫలితము నిశ్చయము. బడి చాలవరకు ఖాళీ అయ్యెను. మాదిగలకు వాకిలి మూయబడలేదు.

క్రొత్తగా చేరినవారికి క్లౌ పెట్టిన నియమములు మూడు. ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి చిన్న బిడ్డలకు చెప్పు బుద్ధులవలె నున్నవి. పల్లె వ్యవస్థపై పెట్టి చూచినచో ఒక్కొక్కటి ఒక్కొక్క కీలును కదల్చినది.

విగ్రహపూజ మానుటయనగా కొలుపునాడు డప్పు మానుట. డప్పు లేనిదే అమ్మవారు ఊరేగదు. ఊరేగనిచో కలరా, మశూచి, అనావృష్టి ఎవరి మెడకు చుట్టుకొనునో యని ఊరంతటికిని భయము. చచ్చిన గొడ్డును తినకుండుటయనగా తోలుపని మానుట కాదు. కాని మాంసము ముట్టనివాడు రేపు కళేబరమును ఈడ్వనని చెప్పునేమో, ఎల్లుండి మోట కుట్టనని చెప్పునేమో యని రైతునకు అనుమానము. ఆదివారము పని మానుట అన్నింటికంటె ఘోరముగా తోచెను. తెల్లవారుజామున తలారి వచ్చి కేకవేసినచో లేచి పోవలసిన వెట్టివాడు, ఏడు దినములలో ఒక దినము తనదని చెప్పుట! ఆ దినము సోమవారమైనను శనివారమైనను అంతే కోపము వచ్చెడిదని మా తలంపు. అడిగినది విశ్రాంతి కాదు; తన కాలముపై తనకు గల అధికారము.

అందుచేతనే ఈ ఎదిరింపు మతవాదముగా మొదలు కాలేదు. సృష్టికర్త ఒక్కడా పెక్కండ్రా యని రెడ్డియు కరణమును మాదిగవాడకు పోయి తర్కింపలేదు. పేరయ్య వీరబ్రహ్మమును కొలిచినన్నాళ్లు వారికి పట్టనేలేదు. కొలువులో మార్పు కనబడిన నాడే వారికి మతము కనబడినది. ఆపైన ఊరి పెద్దలు కట్టుగా నిలిచిరి. నీటి గుంటలవద్దకు రావలదనిరి. కుమ్మరి కుండలు అమ్మరాదనిరి. చెప్పులును పలుపుతోళ్లును వారిచే కుట్టింపలేదు. పశువులను ఉమ్మడి బీళ్లనుండి తరిమిరి. పంటలు నూర్చిన వేళ కళ్లములో మేర కొలువలేదు. అంతటితో పోలేదు, లేని నేరములు మోపి కొందరిని చెరలకు పంపిరి. డప్పు కొట్టుమని బలవంతపెట్టుటయు కలదు.

చట్టము లేదా యని పాఠకులు అడుగవచ్చును. మతము మారినంతమాత్రమున ఆస్తిహక్కు పోరాదని 1850లోనే 21వ ఆక్టు పుట్టినది. ప్రజల మతములలో సర్కారు జోక్యము చేసికొనదని 1858లో విక్టోరియా రాణి ప్రకటన వెలువడినది. అయితే ఆక్టు కాపాడినది ఆస్తిని. మాదిగవానికి ఆస్తి యేది? ఆయనకు గలది మేర. మేర వాడుక మాత్రమే గాని పట్టా కాదు. ఇక ఫిర్యాదు చేయదలచినచో దానిని విచారించువాడు మునసబు, లెక్కలు చూపువాడు కరణము. క్లౌ గ్రామాధికారులకు జాబులు వ్రాసి, దొరల కచేరీలకు విన్నపములు పంపెను. వాటి ఫలము కొన్నియెడల కలిగినది. జాబు చేరులోపల కడవలోనికి నీరెట్లు వచ్చినదో, ఏ అక్క ఏ చెలమ త్రవ్వి ముంచి తెచ్చినదో, ఏ మిషను చరిత్రయు వ్రాసి యుంచలేదు. నీరు మోయువారు స్త్రీలు. ఈ నిర్బంధపు బరువులో పెద్దపాలు వారి తలలపైననే నిలిచినదని ఊహించుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు.

రైతులందరును క్రూరులని మేము వ్రాయము. వానలు తప్పినచో వారికిని గంజియే గతి. కొలుపు తప్పినచో బిడ్డలు చత్తురని వారు నిజముగా భయపడిరి. ఆ భయమును మేము పరిహసింపము. కాని భయము తమది, డప్పు మోయవలసిన భుజము పరునిది యైనప్పుడు న్యాయమెక్కడ నున్నదో చెప్పుటకు మేము జంకము. ఇంకొక మాట. నిలిచినవారు ఒంటరిగా నిలువలేదు. వాడయంతయు ఒక్కటిగా వచ్చుటకే వారు చూచిరి, క్లౌయు దానికి అడ్డుపడలేదు. వాడ పెద్దలను ముందుంచుకొని, వారి సాక్ష్యము విని, ఒకరి నడవడికి మరియొకరిని బాధ్యులను చేసి సంఘమును నడిపెను. వ్యక్తి హృదయపరివర్తనమునే ప్రధానముగా నెంచు తన దేశపు బాప్టిస్టులకు ఇది వింతగా తోచియుండవచ్చును. ఒక్క ఇంటివాడు నిలిచినచో మూడవనాటికి నీరు లేక లొంగును. వాడ నిలిచినచో ఊరికి మోటలు కుట్టువారు కరవగుదురు.

ఇట్లు పదేండ్లు గడచినపిమ్మట 1876లో వానలు తప్పెను. 1878 వరకు సాగిన ఆ కరవును మన పెద్దలు ధాత కరవని తలచుకొనెడివారు. 1871, 1881 జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లా ప్రజలలో సుమారు నాలుగవ వంతు తగ్గిపోయిరి. క్లౌ పూర్వాశ్రమమున భూములు కొలుచు సర్వేయరు. చెన్నపట్టణమునకు పోవు బకింగుహాం కాలువలో మూడున్నర మైళ్లు త్రవ్వించు పనిని ఆయన గుత్తకు తీసికొని, రాజుపాలెమువద్ద గుడిసెలు వేయించి, వేలకొలది కూలీలకు పని చూపెను. పడమటి సీమలనుండి బక్కచిక్కిన జనము గుండ్లకమ్మ వెంట దిగివచ్చెను. వారిలో బాప్తిస్మము కోరినవారు లెక్కకు మీరిరి.

అప్పుడు క్లౌ చేసినది మిక్కిలి గమనింపదగినది. కూలి డబ్బు తన చేతిమీదుగా పోవుచున్నన్నాళ్లు ఆయన ఎవ్వరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. పదునైదు నెలలపాటు ఆ వాకిలి మూసియే యుంచెను. సాయము ముగిసిన తరువాత, 1878 జూన్ నడుమ వాకిలి తెరచిరి. ఒంగోలుకు పదిమైళ్ల ఉత్తరమున గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లివద్ద జూలై 2న 614 మందియు, 3న 2,222 మందియు, 4న 700 మందియు నీటిలో మునిగి లేచిరి. ఆ సంవత్సరాంతమునకు మొత్తము 9,606. బోధకులు ఆరుగురు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారిగా నదిలో నిలిచిరి. ఆ తరువాత ఒంగోలు పొలము ఒక్కచేతికి లొంగనంత పెద్దదియై, 1882-83లో కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరు పొలములుగా విడదీయబడెను.

అన్నము కొరకు మతము మారిరనుట నాడును నేడును వినవచ్చు మాటయే. కరవులో ఆకలి లేదని ఎవరనగలరు? ఆకలియు ఒక కారణమే. కాని 1867లో తాళ్లకొండపాటివారు మతము పుచ్చుకొని మేర గింజలను పోగొట్టుకొనిరి. 1878లో వచ్చినవారు గంజి కేంద్రము మూసిన తరువాత వచ్చిరి. అన్నమునకు మారినవారు అన్నము పోవు చోటికి ఎందుకు పోయిరో ఆ మాట అనువారే చెప్పవలయును.

అయినను, డప్పు విషయమున మా మనస్సు ఇంతటితో తీరదు. డప్పు వెట్టికి గుర్తు, అది నిజము. డప్పు ఒక విద్య, అదియు నిజము. నిప్పుసెగకు కాచి, తాళము తప్పక, ఊరేగింపు నడకను తన వ్రేళ్లలో పట్టుకొను ఆ విద్యను తరతరములవారు కాపాడిరి. విగ్రహమును విడుచుటలో వాద్యమును గూడ విడువవలసి వచ్చినవారి సంఘములలో క్రొత్త వాద్యములతో క్రొత్త కీర్తనలు పుట్టినవి. కాని విడిచినది విడిచినదే. బలవంతము లేని డప్పును వారి చేతికి ఇయ్యగల ఊరు ఆనాడు లేకపోయెను. వారిముందు రెండే దారులుండెను, వారు ఒకటి పట్టిరి.

ఆ దారి మరల వంపు తిరిగినది. 1994 జూలై 7న ఇదే ఒంగోలు సీమలో, ఈదుమూడి గ్రామమున, మంద కృష్ణ మొదలైనవారు మాదిగ హక్కుల ఉద్యమమును ఆరంభించి దానికి దండోరా యని పేరిడిరి. కులము పేరు దాచుకొనక తమ పేర్ల చివర చేర్చుకొనిరి. భుజమునకు డప్పు తగిలించుకొని రాజధాని వీధులలో మ్రోగించిరి. తాతలు కొట్టమని మానిన వాద్యమును మనుమలు ఎవరును కొట్టుమనకయే కొట్టిరి.

ఆ సభలలో నిలిచినవారి యిండ్లలో సిలువ గుర్తులున్న యిండ్లును కలవు. వారికి వేరొక చిక్కు కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులములను హిందువులకు మాత్రమే పరిమితము చేసినది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవులైన మాలమాదిగలకు ఆంధ్రప్రదేశమున వెనుకబడిన తరగతులలో సీ విభాగమున నూటికి ఒక్క పాలు కేటాయించిరి. కరణీకములు 1984లో రద్దయినవి. నీటిగుంటలకు కావలి కాయువారు నేడు లేరు. కుల ధ్రువపత్రమునకై కంభములోని యువకుడు మండల కచేరీకి పోయినప్పుడు మాత్రము, మతమేదని ఇప్పటికిని అడుగుదురు.