పోలీసు పిస్తోలు: ఒక నామము, దాని చరిత్రము

శబ్దములు యౌగికములు, రూఢములు, యోగరూఢములు నని త్రివిధములుగా శాస్త్రకారులు విభజించిరి. అవయవార్థముచే వస్తువును దెలుపునది యౌగికము. అవయవార్థమును విడిచి వాడుకబలిమిచే దెలుపునది రూఢము. ఆయుధముల పేళ్లకును ఈ విభాగము చెల్లును. జర్మనీదేశమున 1929 వ సంవత్సరమున వెలువడిన వాల్తర్ పీ.పీ. యను పిస్తోలు ఇందులకు దగిన యుదాహరణము. పీ.పీ. యనగా "పొలిత్సై పిస్తోలె", అనగా ఆరక్షకుల పిస్తోలు. ఈ నామము ఏ కాలమున నెంతవఱకు అన్వర్థమైయుండెనో విచారింపదగియున్నది.

కార్ల్ వాల్తర్ 1886 లో థూరింగియాసీమయందలి త్సెల్లా యను నూర తుపాకుల కర్మశాలను స్థాపించెను. 1915 లో నాతడు మరణింపగా కుమారుడగు ఫ్రిట్జ్ వాల్తర్ పిస్తోళ్ల నిర్మాణమున బ్రసిద్ధుడయ్యెను. ఒక తూటా పేలినంతనే ఆ వేగముచే బైతొడుగు వెనుకకు జరిగి ఖాళీతొడుగును వెడలద్రోయుటయు, స్ప్రింగుబలమున మరల ముందునకు వచ్చి క్రొత్తతూటాను గొట్టమున జేర్చుటయు అప్పటికే తెలిసిన విద్యయే. ప్రతితూటాకును మీటను మరల నొక్కవలయును గావున దీనిని అర్ధస్వయంచాలకమందురు.

అయినను ఆరక్షకునకు వేఱొక చిక్కు గలదు. సైనికునివలె నాతడు నిరంతరము పోరువాడు కాడు, జనులనడుమ దిరుగువాడు. ఆయుధము దినమెల్ల నడుముననుండి యొక్కమాఱును పేలకుండుటయే మేలు. సుత్తిని ఎక్కుపెట్టి యుంచినచో నపాయము. గొట్టమున తూటా లేకుండ నుంచినచో నాపత్కాలమున నాలస్యము. పీ.పీ. యందు సుత్తి దిగియుండగనే మీటను దీర్ఘముగా నొక్కినచో సుత్తి తానే లేచి మొదటితూటాను పేల్చును. భద్రతామీటను దించినచో ఎక్కియున్న సుత్తి నిరపాయముగా దిగును. గొట్టమున తూటా యున్నదని తెలుపుటకు వెనుకవైపున జిన్నసూది పైకి వచ్చును. ఇట్టి మీటను చెక్ శిల్పియగు అలోయిస్ తొమిష్కా "లిటిల్ టామ్" పిస్తోలున మునుపే యమర్చియుండెను. దానిని ఆరక్షకుల యవసరములకు గుదిర్చి వ్యాప్తికి దెచ్చిన యశము వాల్తరులది. నామ మిచట యౌగికమే.

పిదప వెలువడిన పొట్టిరూపము పీ.పీ.కె. తుది యక్షరమునకు నేరపరిశోధకశాఖ యను నర్థమును గొందఱు, "కుర్ట్స్", అనగా బొట్టి, యను నర్థమును గొందఱు చెప్పుదురు. వస్త్రములక్రింద దాచుకొనదగినది కావున రెండర్థములును పొసగును.

1933 లో నాజీలు రాజ్యమును జేకొనిరి. 1936 లో హిమ్లర్ జర్మన్ ఆరక్షకశాఖల కెల్ల నధిపతి యయ్యెను. పీ.పీ.కె. పక్షనాయకుల కధికారచిహ్నమయ్యెను. హాంబుర్గు చెంత నాయెన్‌గామె నిర్బంధశిబిరమున బందీలచే నీ సంస్థకై యాయుధపుబని చేయించిరి. 1945 ఏప్రిల్ 30 న హిట్లర్ తన్ను దాను కాల్చుకొన్నది వాల్తర్ పిస్తోలుతోనే. యంత్రమున నొక్క మరయు మాఱలేదు. మాఱినది "ఆరక్షక" శబ్దార్థము. రక్షింపవలసినవాడే హింసకుడైనపుడు పూర్వపదము నిరర్థకమై, ఉత్తరపదమగు పిస్తోలు మాత్రమే మిగిలెను.

యుద్ధానంతరమున త్సెల్లా సోవియట్ వశమయ్యెను. ఫ్రిట్జ్ పశ్చిమమునకు బోయి ఉల్మ్ నగరమున సంస్థను మరల నెలకొల్పెను. 1952 మొదలు ఫ్రాన్సుదేశపు మాన్యూరెన్ సంస్థ యనుమతితో నీ పిస్తోళ్లను జేసెను. పశ్చిమజర్మనీ ఆరక్షకులు మరల దీనిని ధరించిరి. కాని 1972 సెప్టెంబరులో మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలవేళ పదునొకండుగురు ఇస్రాయెలీయులును ఒక జర్మన్ ఆరక్షకుడును హతులైరి. పిదప నచటి ప్రభుత్వములు 7.65 మి.మీ. తూటా చాలదని 9 మి.మీ. పిస్తోళ్లను గోరగా పీ 5, పీ 6, పీ 7 అనునవి వచ్చెను. 1974 మార్చి 20 న లండనులో రాకుమారి ఆన్ నపహరింప నొకడు యత్నింపగా, అంగరక్షకుడు జేమ్స్ బీటన్ చేతి పీ.పీ.కె. యొక్కమాఱు పేలి బిగిసిపోయెను. ఆతడు నిరాయుధుడై గాయములకోర్చి యామెకడ్డముగ నిలిచెను. జార్జిక్రాస్ పతకము నందెను.

నాటినుండి యా పేరు రూఢమాత్రమై నిలిచినది. ఆరక్షకుల పిస్తోలు బిగిసిన యాక్షణమున ఆరక్షకశబ్దమునకు అర్థము గలిగించినవాడు మనుష్యుడే. 1929 నాటి నామము నన్వర్థము చేసినది యంత్రకౌశలము. నాజీలకాలమున దానిని వ్యర్థము చేసినది ధరించినవారి నడవడి. యంత్ర మొక్కటియే యయ్యు నామార్థము ధరించువానినిబట్టియే నిలుచును, చెడును.